మార్త క్యాసెట్టు రెండోవైపు

ప్రభువునందు ప్రియ సహోదరులారా, నా కుడిభుజం దెబ్బతిన్న ఏడాదే నేను సీసా పట్టాను. అంతకుముందు అరబ్బు దేశంలో, ఉమ్ అల్ క్వైన్ కూలీల క్యాంపు జట్టులో ఫాస్ట్ బౌలర్‌ని. నేను పరుగెత్తుకొస్తుంటే బ్యాట్స్‌మన్ కంటే వికెట్ కీపరే ఎక్కువ ప్రార్థన చేసేవాడు! భుజం జారాక చెయ్యి పైకి లేవలేదు. “హాత్ ఖలాస్, మూ తో చల్తా హై నా! యల్లా, మైక్ పకడో!” అన్నాడు ముదీర్, అంటే మా క్యాంపు మేనేజరు. చెయ్యి పోతేనేం, నోరుందిగా అని! ఐదో తరగతిలో బడి మానినా నోరు మానలేదు గనుక, శుక్రవారం మ్యాచీలకు కామెంటేటర్‌నయ్యాను, అందరూ నవ్వేవారు, నేను తాగేవాణ్ణి.

ఆ రోజుల్లో ఇంటినుంచి వచ్చిన క్యాసెట్టు విని, దానిమీదే మన జవాబు రికార్డు చేసి పంపేవాళ్ళం కదా. నా భార్య మార్త పంపిన క్యాసెట్టు మొదటివైపు చివర, “ముఖ్యమైన సంగతి ఒకటుందండీ, రెండోవైపు చెబుతాను,” అంది. రేపు విందాంలే అని తాగి పడుకున్నాను. మర్నాడు మ్యాచికి టేప్‌రికార్డరు తెస్తే, నా గదివాడు ప్రకాశం, “ఒరేయ్, చెల్లెమ్మ చెప్పిందంతా విన్నావా?” అన్నాడు. “విన్నాన్లేరా!” అని అబద్ధమాడి, ఆ రెండోవైపు మీదే, ఆమె మాటలు చెరిగిపోయేలా, నా కామెంటరీ రికార్డు చేసి, సెలవుమీద వెళ్ళేవాడి చేతికిచ్చి పంపాను.

నెలలోపే టెలిగ్రాం వచ్చింది. మార్త లేదు. తరవాత మరదలి ఉత్తరాన్ని ప్రకాశమే చదివి వినిపించాడు: “బావా, జబ్బు సంగతి మాకెవరికీ చెప్పలేదు. జవాబు కోసం అక్క రెండువైపులా వింది, మీ జోకులకు నవ్వింది కూడా. తరవాత గోడవైపు తిరిగి పడుకుంది.”

సహోదరులారా, ఆ నవ్వు నన్ను చంపింది! ఇంకా తాగాను. ప్రకాశం నన్ను లాక్కుపోయి కరామా పేటలో మనవాళ్ళ ప్రార్థన జరిగే గదిలో కూర్చోబెట్టాడు. నాకు వచ్చిన ప్రార్థన ఒకటే: “ప్రభువా, ఆమె చెప్పింది నేను వినలేదు, నువ్వు విన్నావు. నేనివ్వని జవాబు నువ్వే ఇయ్యి. ఈ సీసా నా చేతిలోంచి తీసెయ్యి.” మూడు వారాలు ప్రతి రాత్రీ మోకరించాను, దేవుడు వదల్లేదు, సీసా వదిలింది. దేవునికే మహిమ!

భుజం బాగవలేదు, మార్త మాటలు తిరిగి రాలేదు. అయినా ఆయన వినే దేవుడని నమ్మి బతుకుతున్నాను. మీ పెట్టెలో సగం విన్న క్యాసెట్టుంటే, సహోదరులారా, ఈ పూటే వినండి, జవాబు చెప్పండి. చెప్పడానికి అవతల మనిషి లేకపోతే, నాలాగే మోకరించండి.