కెల్విన్ రెన్నీకి లేని మేనల్లుడు

మా లోయలో ఎదురుగా బండి వస్తే స్టీరింగు మీదినుంచి చూపుడువేలు ఒక్కటి పైకి లేపుతాం. చెయ్యి కాదు, వేలు. అంతకంటే ఎక్కువ చేస్తే ఏదో అమ్ముకోడానికి వచ్చాడనుకుంటారు. వేలెత్తనివాడు పరాయివాడైనా అయ్యుండాలి, మనమీద కోపంగానైనా ఉండాలి. గొర్రెల రైతు కెల్విన్ రెన్నీ నాతో ఎంత గొడవపడినా నాకు వేలెత్తడం మానలేదు. సైకిళ్లవాళ్లకు మాత్రం ఏనాడూ ఎత్తలేదు.

మా గొడవ కూడా సైకిళ్ల గురించే. రైలు ఆగిపోయి, పట్టాలు పీకేశాక, ఆ బాటను సైకిళ్లకిద్దామని ఊరి హాల్లో మీటింగు పెట్టారు. కెల్విన్ లేచి నిలబడ్డాడు. "బిగుతు నిక్కర్లేసుకున్నవాళ్లు నా గొర్రెల మధ్య తిరుగుతానంటే నేనొప్పుకోను. నా బొందిలో ప్రాణముండగా ఆ బాట మీద కాలు పెట్టను," అన్నాడు. అతను అంత మాట్లాడటం అదే మొదటిసారి. తర్వాత టీ తాగి, చీజ్ స్కోన్ రొట్టెలు రెండు తిని ఇంటికి వెళ్లాడు. బాట అతని పొలం మధ్యలోంచే వచ్చింది. ఆ బాట మీద వచ్చేవాళ్ల సంచులు ఈ ఊరినుంచి ఆ ఊరికి వ్యానులో చేరవేసి నేను బతుకుతున్నాను. కాబట్టి నాది అవతలి పక్షం.

అతని భార్య నోయెలీన్ ఏ పక్షమో ఎవరూ అడగలేదు. ఆవిడ ముందు బుట్ట ఉన్న ఊదారంగు సైకిలు ఒకటి కొనుక్కుంది. గురువారం గురువారం ఆ బాట మీదే ఊళ్లోకి వెళ్లి వచ్చేది. "గురువారాలు నోయెలీన్ ఇంట్లో ఉండదు," అనేవాడు కెల్విన్, వాన పడుతుందని చెప్పినంత మామూలుగా. ఎక్కడికెళ్తుందో అతను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ కాపురం అలాగే చక్కగా సాగింది.

ఆ చలికాలంలో రెండు జరిగాయి. గొర్రెల సంతలో కెల్విన్ కళ్లు తిరిగి పడిపోతే, ఆరు నెలలు కారు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. సైకిలు సంగతి చెప్పలేదు. కెల్విన్ సైకిలెక్కుతాడని డాక్టరుకే కాదు, ఎవరికీ తోచలేదు. వారం తిరక్కుండా నోయెలీన్ పెరట్లో మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. పట్నంలో ఆపరేషన్ చేసి, నడక నేర్పడానికి మా ఊరి చిన్నాసుపత్రికి తెచ్చారు.

పక్క పొలం హామిష్ రెండు రోజులు కెల్విన్ని తన బండిలో తీసుకెళ్లాడు. హామిష్ మంచివాడే కానీ, తన మోకాలి నొప్పి కథ ఎక్కిన ప్రతిసారీ మొదట్నుంచీ చెబుతాడు. మూడోరోజు కెల్విన్, "నువ్వు రానక్కర్లేదు. మా మేనల్లుడొచ్చాడు. వాడు దింపుతాడు," అన్నాడు.

కెల్విన్‌కు అక్కచెల్లెళ్లు లేరు. నోయెలీన్‌కు తోడబుట్టినవాళ్లే లేరు. మేనల్లుడు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో మాకు మర్నాడు తెలిసింది. కెల్విన్ భార్య ఊదారంగు సైకిలెక్కి, బుట్టలో ఉతికిన నైటీలు పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా పాత రైలు బాట మీద పోతున్నాడు.

అప్పటినుంచి ఆ బాట మీద కెల్విన్ ఎవరికీ కనిపించలేదు. దారి రైలు కోసం కొండను చీల్చిన కోతలోంచి, ఇనప వంతెన మీదుగా వెళ్తుంది. ఇరుపక్కలా పొలాల్లో పనిచేసుకునేవాళ్లు సరిగ్గా అతనొచ్చేసరికి కంచె వైపో, ఆకాశం వైపో తిరిగేవాళ్లు. మా దగ్గర మర్యాద అంటే అదే. మాట తప్పాల్సొచ్చినవాణ్ణి చూడకుండా ఉండటం. ఎవరూ వేలెత్తలేదు, ఎందుకంటే అక్కడ ఎవరూ లేరు. దుకాణంలో కనబడితే మాత్రం అడిగేవాళ్లం.

"మేనల్లుడు బాగున్నాడా, కెల్విన్?"

"ఆ. ఉన్నాడు."

"నెమ్మదిగా నడుపుతాడా బండి?"

"కాస్త పిరికివాడు. ఎదురుగాలంటే గిట్టదు."

నోయెలీన్ కూడా అడిగేదట. అతను టోపీ చంకన పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ, వాడు గేటు దగ్గర దింపి వెళ్లిపోయాడని చెప్పేవాడు. పాపం, లోపలికి రమ్మనకపోయావా అనేదట ఆవిడ.

తర్వాత ఒకరోజు కొండ కోతలో కంకర మీద ముందు చక్రం జారింది. సైకిలు ఒకవైపు, కెల్విన్ ఒకవైపు పడ్డారు. చీలమండ విరిగి పాదం పక్కకు తిరిగిపోయింది. లేవలేకపోయాడు. అంతలో హామిష్ గట్టు మీద నాలుగు చక్రాల బండిలో కంచె చూసుకుంటూ వచ్చాడు. కింద కెల్విన్ పడివున్నాడు. హామిష్ వెంటనే మర్యాదగా కొండ వైపు తిరిగి, ఈలవేసుకుంటూ వెళ్లిపోయాడు. కెల్విన్ కూడా పిలవలేదు. చలిగాలి కోతలోంచి వీస్తూనే ఉంది.

చాలాసేపటికి ఆక్లండ్ నుంచి వచ్చిన పళ్ల డాక్టరూ ఆయన భార్యా బిగుతు నిక్కర్లలో అటు వచ్చారు. వాళ్లకు మా మర్యాదలు తెలియవు. అందుకని ఆగారు.

"పడిపోయారా?" అందావిడ.

"లేదు. మీరు వెళ్లండి," అన్నాడు కెల్విన్, నేలమీదినుంచే.

ఆవిడ తన కోటు తీసి అతనికి కప్పింది. ఆయన సంచులు తీసుకున్నప్పుడు నేనిచ్చిన చీటీ మీదున్న నా నంబరుకు ఫోను చేశాడు. నేను వ్యాను తెచ్చేసరికి కెల్విన్ పెదాలు నీలంగా ఉన్నాయి. పళ్ల డాక్టరు భార్య అతని చేతులు రుద్దుతోంది. అతను కదలకుండా కూర్చుని రుద్దించుకుంటున్నాడు. ఆ చేతులు చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా సంచులు సర్దాను.

ఆసుపత్రి గుమ్మంలో నోయెలీన్ చక్రాల కుర్చీలో ఎదురుగా ఉంది. అతను కట్టు కట్టించుకుని రాగానే మమ్మల్ని తన గదిలోకి రమ్మంది. కబురు తెలిసి హామిష్ కూడా వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు.

"మేనల్లుడేడీ?" అందావిడ.

"రాలేదివాళ."

"నా సైకిలో?"

"కొంచెం గీరుకుంది."

ఆవిడ తన గది కిటికీ వైపు చెయ్యి చూపింది. ఇనప వంతెన మొత్తం కనిపిస్తోంది అందులోంచి. "రోజూ ఆ వంతెన మీద నువ్వు కనబడితేగాని నేను సూపు ముట్టేదాన్ని కాదు. ఇవాళ రెండుసార్లు వేడి చేయించాను."

కెల్విన్ టోపీ తిప్పుకున్నాడు. "నువ్వు చూశావా?"

"అందరూ చూశారు."

"హామిష్ చూళ్లేదు. పక్కనుంచే పోయాడు."

"చూశాన్రా," అన్నాడు హామిష్. "పడున్నావు."

"మరి ఆగలేదేం?"

"నువ్వక్కడ లేవు కదరా, ఇన్నాళ్లూ." హామిష్ మోకాలు రుద్దుకున్నాడు. "పడుకున్నావేమో అనుకున్నాను. పలకరిస్తే బాగోదనుకున్నాను."

"అరవొచ్చు కదయ్యా నువ్వు," అంది నోయెలీన్ కెల్విన్‌తో. ఆవిడ గొంతు పెంచడం నేను వినడం అదే మొదటిసారి. "నీ పంతం కోసం ఆ చలిలో చచ్చిపోతే, రేపట్నుంచి నేను కోపం ఎవరిమీద చూపించుకోను? ఇంకెవరున్నారు నాకు?"

కెల్విన్ వంతెన వైపు చూశాడు. "అక్కడ కంకర బాగోలేదు," అన్నాడు. "ఎవరికైనా చెప్పాలి." తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. హామిష్, నేను వెంటనే కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాం.

వేసవి చివరికి ఇద్దరికీ ఎముకలు అతుక్కున్నాయి. డాక్టరు కెల్విన్‌ని కారు నడుపుకోమన్నాడు. తర్వాతి గురువారం నేను రోడ్డూ బాటా కలిసేచోట వ్యాను ఆపుకుని ఉన్నాను. నోయెలీన్ కొత్త సైకిలు మీద ముందు వస్తోంది. వెనకాల గీరుకుపోయిన ఊదారంగు సైకిలు మీద కెల్విన్. ఎదురుగా బిగుతు నిక్కర్ల గుంపు ఒకటి వచ్చింది. కెల్విన్ హ్యాండిలు మీదినుంచి చూపుడువేలు పైకి లేపాడు.

వాళ్లు చేతులు బారజాపి ఊపారు, గంటలు కొట్టారు, గుడ్ మార్నింగ్ అని అరిచారు.

కెల్విన్ నా వ్యాను పక్కన ఆగి, కాలు బాట మీద ఆనించి, వాళ్లు మలుపు తిరిగేదాకా చూశాడు. నేను వేలెత్తాను. అతనూ ఎత్తాడు.

"నేర్చుకుంటార్లే," అన్నాడు.