వెంకటేశ్వరి పంపిన ఫోటో

రాయచోటి నుంచి వచ్చిన వెంకటేశ్వరి కువైట్‌లోని సల్వాలో పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో పనిచేస్తోంది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. తను మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలి పాప నూరాను పొత్తిళ్లలో అందుకున్నది మొదలు గోరుముద్దలు తినిపించింది, జడలు వేసింది. ఆ పాప లేకపోతే తనకు కువైటూ లేదు, ఊరూ లేదు.

అలాంటి మనిషి ఫోన్‌లో ప్రేమలో పడిందంటే నవ్వేవాళ్లు నవ్వారు. నలభై ఏళ్లకు ఇదేం బుద్ధి అన్నారు. వాళ్ల నోళ్లు పడ! తిన్నావా అని అడిగే నాథుడు లేని చోట బతికితే తెలిసేది. యాప్‌లో పరిచయమైన సూర్యకిరణ్ రోజూ అడిగాడు. కోనసీమ వాణ్ణనీ, కువైట్‌లోనే దజీజ్‌లో ఒక గోడౌన్ సూపర్‌వైజర్‌ననీ, పెళ్లి చేసుకుంటాననీ చెప్పాడు. దూరపు కొండలు నునుపు.

"ఎన్నాళ్లండీ ప్రొఫైల్లో ఈ పువ్వు బొమ్మ? మీ మొహం చూపిత్తే మా అమ్మకి చూపిత్తాను కదా" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు.

పనిమనిషిలా కనబడకూడదనుకుంది వెంకటేశ్వరి. పట్టుచీర కట్టి, హాల్లో పెద్ద అద్దం ముందు నిలబడి ఫోటో తీసి పంపింది. వెనక సోఫాలో మామా చెల్లెలు తల ఆరబెట్టుకుంటూ ఉంది. ఈ పిచ్చిది గమనించలేదు. పరాయి మగవాడి కంట ఆడవాళ్ల వెంట్రుక కూడా పడనివ్వని ఇల్లది.

తర్వాత వాడు వేరే రకం ఫోటోలు అడిగాడు. ఛీ పొమ్మంది. ఆ కోపంతో మొదటి ఫోటోకు పాట తగిలించి, అందరూ చూసేలా నెట్‌లో పెట్టేశాడు.

ఇంటి డ్రైవర్ రామాంజనేయులు అది చూసి పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, యెనక చిన్న మేడం కనపడతాంది. మామాకు చెప్పాకు. తెలిసినప్పుడు సూసుకుందాం."

"దాచిపెట్టి పాప మొగం ఎట్ల సూడల్ల రామాంజీ?"

తనే వెళ్లి మామాకు చూపించింది. వచ్చే నెల ఆ చెల్లెలి పెళ్లి. మామా అరవలేదు, తలపట్టుకుని కూర్చుంది. చివరికి "ఖలాస్" అంది, ఇక అయిపోయిందని. రెండు రోజుల్లో ఊరికి టికెట్టు వచ్చింది. సూర్యకిరణ్ నంబరు అప్పటికే పనిచేయడం లేదు.

బయల్దేరేముందు, ఇంట్లో తీసిన ఫోటో ఒక్కటీ ఫోన్లో మిగలకూడదంది మామా. వెంకటేశ్వరి ఆమె ఎదుటే నేలమీద కూర్చుని తన చేత్తోనే తీసేసింది. నూరా తొలి అడుగు, పాలపన్ను ఊడిన నవ్వు, బడికి పోనని ఏడ్చిన రోజు. చివరికొకటి మిగిలింది. పుట్టిన మూడో రోజున వెంకటేశ్వరి ఒళ్లో నిద్రపోతున్న పాప. మామాయే తీసి పంపిన ఫోటో అది.

ఇది కూడానా మామా, అని వచ్చీరాని అరబీలో అడిగింది.

మామా ఏడుస్తూనే అవునని తలూపింది.