రోడ్డు ఖాళీ అయ్యేదాకా

మా బావ స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటో దిగాలంటే సగం పూట సెలవు పెట్టుకోవాల్సిందే. గడ్డం కాస్త పైకి అంటాడు, కాస్త కిందికి అంటాడు, కాలర్ సర్దుతాడు, లైటు జరుపుతాడు, మళ్లీ గడ్డం దగ్గరికొస్తాడు. ఫోటోకి మాత్రం వంక పెట్టలేం. అలాంటి మనిషి కారు నేర్చుకుంటానంటే నాకు నవ్వాగలేదు.

కారణం విన్నాక ఆ నవ్వు కాస్తా పోయింది. మా అక్క ఆసుపత్రిలో నర్సు. సాయంత్రం డ్యూటీ దిగాక ఎక్కే బస్సు ఎత్తేశారు. రోజంతా వార్డులో నిలబడ్డ కాళ్లతోనే ఇంటిదాకా నడిచొస్తోంది. ఆ వాచిన పాదాలు చూసి బావకి తిండి సయించడం లేదు. నేను డెలివరీ వ్యాన్ నడుపుతాను, ఆ వేళకి ఎక్కడో సరుకు దించుతుంటాను. నా పాత కారు మాత్రం ఇంటి ముందు ఊరికే పడుంటుంది. సరే, నేర్పుతానన్నాను.

రెండు టెస్టులు పోయాయి, రెండూ ఒకే చోట. పెద్ద కూడలి దాటాలంటే బావకి రోడ్డు పూర్తిగా ఖాళీ కావాలి. కారు నాదని నన్ను వెనక సీట్లో కూర్చోనిచ్చారు, నోరు విప్పకూడదన్న షరతు మీద. వెనక హారన్ల మోత, లోపల నేను పళ్లు నూరుకోవడం. చివరికి టెస్టు పెట్టే ఆవిడ వాచీ చూసుకుని, "ఇక పార్కింగ్ చేయించడానికి టైం లేదండీ" అని తేల్చేసింది.

"ఏం బావా, ఆ కూడలిలోనే కాపురం పెడతావా?" అన్నాను ఇంటికొచ్చాక, ఒళ్లు మండి.

"సరైన సమయం రావాలి కదరా."

"అది చాలాసార్లు వచ్చి, నిన్ను చూసి వెళ్లిపోయింది."

అక్క వేణ్ణీళ్లలో కాళ్లు పెట్టుకుని వింటోంది. "ఏవండీ, చంటిపిల్లల ఫోటోలు ఎలా తీస్తారు మీరు?" అంది.

"వాళ్లు మన మాట వింటారా? నవ్వీ నవ్వగానే నొక్కేయాలి."

"రోడ్డు కూడా మీ మాట వినదండీ."



మూడోసారి మళ్లీ అదే కూడలి. లారీ ఒకటి వెళ్లింది, దాని వెనకే స్కూటర్. తర్వాత వచ్చే బస్సు ఇంకా దూరంలోనే ఉంది. బావ "నవ్వింది" అని గొణిగి కారు కదిలించాడు. తనెప్పుడు నవ్విందా అని టెస్టు పెట్టే ఆవిడ అయోమయంగా చూసింది. పార్కింగ్‌కి బోలెడు టైం మిగిలింది. దాన్నంతా వాడుకుని, కస్టమర్ కాలర్ సర్దినంత ఓపిగ్గా కారు నిలిపాడు. పాసయ్యాడు.

లైసెన్సు కౌంటర్లో గుమాస్తా "ఇటు చూడండి" అంటూనే ఫోటో నొక్కేశాడు. అందులో బావ కళ్లు మూసుకుపోయాయి, నోరు సగం తెరిచుంది, గడ్డం ఎటో పోయింది.

"మళ్లీ తీయమంటారా? కాస్త ఆగాల్సొస్తుంది" అన్నాడు గుమాస్తా.

ఇక ఆఫీసు మూసేదాకా ఇక్కడే అనుకుని నేను బెంచీ మీద కూలబడ్డాను. బావ ఆ ఫోటోని బాధగా చూశాడు. తర్వాత గోడ గడియారం చూశాడు.

"ఉండనివ్వండి, మా ఆవిడ డ్యూటీ దిగే వేళయింది" అని, నా వైపు చెయ్యి చాచాడు. "తాళాలిలా ఇవ్వరా."