చెవికి దురాయి లేదు

కావలిలో ఎవరిని కదిలించినా ఆ ఫుట్‌బాల్ ఫైనల్ గురించి ఒకటే కథ చెబుతారు. పాలెం వాళ్లకు టికెట్ కొనే తాహతు లేక బయట నిలబడ్డారట. టోర్నమెంట్ కమిటీ వాళ్లు జాలిపడి ఆట మధ్యలో గేటు తీశారట. అప్పుడు కూడా మొండికేసి లోపలికి పోకుండా సొంత జట్టును చేతులారా ఓడించుకున్నారట. నేను అక్కడే ఉన్నాను. ఈ కథలో జరిగిన సంగతులు నిజమే, వాటికి చెప్పే కారణాలు ఒక్కటీ నిజం కాదు.

తాహతు సంగతే తీసుకుందాం. ఫుట్‌బాల్ ఉందంటే వేట మానుకునే మగవాళ్లు, గంపలో మిగిలిన చేపను వచ్చిన ధరకు అంటగట్టి మైదానానికి పరుగెత్తే ఆడవాళ్లు ఉన్న ఊరు మాది. వాళ్లు కూర్చునే మట్టిగట్టును చదును చేసి, ఇనుప గ్యాలరీ కట్టి, ముందు వరసలో సోఫాలు వేసి, టీ బజ్జీల ఖరీదుండే టికెట్‌ను ఒక రోజు కూలికి పెంచింది కమిటీ. గ్యాలరీ కావాలని ఎవరడిగారు? గట్టు మీద కూర్చుంటే బంతి కనపడలేదా? ఇదేమిటని అడగబోయిన వాళ్లతో కమిటీలో ఒకాయన, "ఇష్టముంటే రండి, లేకుంటే ఫోన్లో చూసుకోండి" అన్నాడు. ఆ మాట పాలేన్ని పొడిచింది, ధర కాదు.

మరునాడు పెద్దకాపు దురాయి వేశాడు. పెద్దకాపంటే మా పాలెం పెద్ద, నాకు వరసకు మామ. దురాయంటే గంగమ్మ మీద ఆనపెట్టి ఊరందరికీ వేసే కట్టడి. ఇసకలో జనాన్ని కూర్చోబెట్టి ఆయన చెప్పింది ఇంతే: "టికెట్ తగ్గిందాకా మన మనిషనేవాడు ఆ మైదానంలో కాలు పెట్టగూడదు, ఆట చూడగూడదు. ఆడే పిల్లోళ్లకు మాత్రం లేదు. కేకలెయ్యగూడదు, రాయెత్తగూడదు. అందరం పోయి బయట నిలబడదాం. మనం లేని ఆట ఎట్టుంటదో వాళ్లే చూసుకుంటారు."

దురాయంటే నాకు భక్తేమీ లేదు. పెళ్లి విషయంలో మాట వినలేదని ఒక ఇంటికి నిప్పూ నీళ్లూ పుట్టకుండా చేసిన దురాయిని చూసినదాన్ని. డిగ్రీ చదివే రోజుల్లోనే దాని మీద మామతో వాదనకు దిగి, నోటి దురద మనిషిని అనిపించుకున్నాను. పెళ్లయి కావలిలో కాపురం పెట్టాక నన్ను పాలెం లెక్కలోంచి తీసేశారు. కాబట్టి దురాయి నాకు తగలదు.

ఆ సంగతి నా తమ్ముడికి బాగా గుర్తుంది. వాడు పాలెం జట్టు గోల్‌కీపర్. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, ఈ ఏటితో ఆపేస్తానని ముందే చెప్పాడు. మా జట్టు ఫైనల్‌కు రావడం అదే మొదలు. ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అక్కా, నీకు దురాయి లేదు గదా. టికెట్ కొనుక్కోని రా. గ్యాలరీలో మనోళ్ల మొఖం ఒకటన్నా కనపడాల నాకు."

"నన్ను పిలిచే బదులు పోయి మామను తిట్టరాదూ?"

"తిట్టే పని నీది. వస్తావా రావా, అది చెప్పు."

వస్తానన్నాను.

మైదానం రైల్వే గేటు దాటాక, చుట్టూ ఎత్తైన రేకుల ప్రహరీ. నేను చేరేసరికి పాలెం మొత్తం ఆ రేకుల పక్కన నిలబడి ఉంది. లారీల్లో, ఆటోల్లో వచ్చారు. ముసలివాళ్లను కూడా వదలకుండా తెచ్చారు. ఒక్క నినాదం లేదు, ఒక్క అట్టముక్క లేదు. పడవలు రావడం ఆలస్యమైన రోజు ఒడ్డున ఎట్లా నిలబడతారో అట్లా నిలబడ్డారు. మా వాళ్లు ఒకచోట చేరి నోరు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు, ఇద్దరుంటేనే సంత. టికెట్ కిటికీ వైపు నడుస్తున్నదాన్ని ఆ నిశ్శబ్దానికి ఆగిపోయాను. కాసేపు చూసి పోదాంలే అనుకున్నాను.

లోపల ఆట మొదలైంది. ఎదుటి జట్టు కోసం గూడూరు నుంచి వచ్చిన కొద్దిమంది అరుపులు తప్ప గ్యాలరీలో అలికిడి లేదు. ఉన్నట్టుండి పెద్ద కేక, వెంటనే విజిల్. గోల్ పడింది. ఎవరిదో మాకెట్లా తెలియాలి? నా పక్కన నిలబడ్డ మేనత్త, చేపలు అమ్మీ అమ్మీ గొంతు బొంగురుపోయిన మనిషి, తల ఒక పక్కకు వంచి వింది.

"మనదే" అంది.

"నీకెట్లా తెలుసత్తా?"

"చీకట్లో వచ్చే బోటు ఎవరిదో ఇంజను చప్పుడుకే చెప్తా. మన పిల్లోళ్ల గొంతు తెలీదా?"

ఆ మాట రేకుల పొడుగునా గుసగుసగా పాకిపోయింది. చప్పట్లు లేవు. మొఖాలు మాత్రం వెలిగిపోయాయి.

సగం ఆటకు విరామమిచ్చారు. రెండో సగానికి పెద్ద అతిథి వస్తున్నాడట, కెమెరాలో ఖాళీ గ్యాలరీ పడుతోందట. జాలి కాదు, అదీ కారణం. ఫోన్లో చూసుకోమన్న ఆ కమిటీ ఆయనే స్వయంగా వచ్చి గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.

"రండమ్మా, రండన్నా. టికెట్ అక్కర్లేదు, ఈ రోజుకు ఫ్రీ."

ఒక్క కాలు కదల్లేదు. ఆయన నేరుగా పెద్దకాపు దగ్గరికి వచ్చాడు. నేనూ చేరాను. నోరూరుకుంటుందా?

"మామా, గేటు తీసినారు గదా. ఇంకేంది?"

"టికెట్ తగ్గించినారా? ఈ పూటకు వదిలేసినారు. రేపో?"

"ఆ లెక్క రేపు తేల్చుకో. లోపల నా తమ్ముడు ఒంటరిగా ఉండాడు. ఒక్క గంట దురాయి ఎత్తెయ్."

"ఇసకలో వేసింది ఇసకలోనే ఎత్తాల, పాపా. పాలెంలో, అందరి ముందర."

"కారు ఇస్తాను, ఇప్పుడే పోయొద్దాం రండి" అన్నాడు కమిటీ ఆయన.

"పోవచ్చు. అందరం ఈడనే ఉండాం గదయ్యా. ఆడ వినేదానికి ఎవురుండారు?"

ముందు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అందరూ మళ్లీ లారీలెక్కి పోయొచ్చేసరికి ఆట అయిపోతుంది. ఊరు ఊరంతా తరలివచ్చి తమ దురాయికి తామే తాళం వేసుకున్నారు. పెద్దకాపు మొఖం చూస్తే ఆయనకూ ఆ సంగతి అప్పుడే తట్టిందని అర్థమైంది. నా తమ్ముడి కాలికి మొదటి బంతి తగిలించింది ఆయనే.

గేటు తెరిచే ఉంది. ఎదురుగా నిలబడితే దగ్గరి గోల్‌పోస్టు, కాస్త పచ్చిక కనపడతాయి. చూడగూడదన్నది దురాయి. ఎవరూ చెప్పకుండానే జనం అటూ ఇటూ జరిగారు. ముసలివాళ్లు రేకుల చాటుకు పోయారు, తల్లులు పిల్లల తలలు తమ వైపు తిప్పుకున్నారు. గేటు ఎదురుగా ఖాళీ నేల మిగిలింది. అంత ఆశగా వచ్చిన వాళ్లు అంత నింపాదిగా తప్పుకోవడం చూసి, ఇన్నేళ్ల నా వాదనలన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

ఆ ఖాళీ నేలలో నేనొక్కదాన్నే మిగిలాను.

"నీకు లేదు గదమ్మే, నువ్వు చూసి మాకు చెప్పు" అంది మేనత్త.

అందరూ పెద్దకాపు వైపు చూశారు. ఆయన కొంచెం ఆలోచించి, "చెవికి దురాయి లేదు" అన్నాడు.

విరామం తర్వాత జట్లు వైపులు మారాయి కాబట్టి తమ్ముడు ఇప్పుడు గేటు వైపు గోల్లోనే నిలబడ్డాడు, మాకు వీపు పెట్టి. పది అంగలు లోపలికి వేసి గ్యాలరీ ఎక్కితే వాడడిగిన మొఖం వాడికి కనపడుతుంది. నేనెక్కితే వీళ్లకు చెప్పేవాళ్లు ఉండరు. గుమ్మం దాటబోయి అక్కడే ఆగాను. గొంతెత్తి మొదలుపెట్టాను.

"బంతి ఎడమ పక్కకు పోయింది."

"ఎడమేంది మే, ఉత్తరమా దక్షిణమా?"

"దక్షిణం. మనోడు తీసుకున్నాడు. జారి పడినాడు, లేచినాడు."

"తిండి లేదా వాడికి?"

అట్లా దక్షిణం, ఉత్తరం అంటూ ఆట సాగింది. గూడూరు జట్టు ఒక గోల్ వేసింది, చెప్పాను. చివర్లో ఇంకొకటి వేసింది. తమ్ముడు ఒరిగి దూకాడు, మోకాలు సహకరించలేదు. అదీ చెప్పాను. రేకుల పొడుగునా ఎవరూ నిట్టూర్చలేదు. వాడు బయటికొచ్చినప్పుడు పాలెమంతా దారి ఇచ్చి నిలబడింది. మేనత్త వాడి తల నిమిరింది. పెద్దకాపు వాడి సంచి తీసుకుని తన భుజాన వేసుకున్నాడు.

వర్షాలు తగ్గాక కమిటీ వాళ్లు పాలేనికి వచ్చి, ఇసకలో కూర్చుని, పాత ధర ఒప్పుకున్నారు. దురాయి ఎత్తేశారు. ఇప్పుడు గ్యాలరీ నిండుగా ఉంటుంది. తమ్ముడు మళ్లీ ఆడలేదు.

ఎందుకు రాలేదని వాడు నన్నెప్పుడూ అడగలేదు. నేను కదిపినప్పుడల్లా వల బాగుచేసుకుంటూ మాట మారుస్తాడు. ఆ రెండో సగమంతా వాడు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. వీపు వెనక నా గొంతు వింటూనే ఆడాడా, లేక తనకు ఎవరూ లేరనుకునే ఆడాడా?