బత్తాయి బండిలో ఎడమ సీటు

సీతారాములుకు బుద్ధి లేదని ఆయన మొహం మీదే చాలాసార్లు చెప్పాను. ఆయనకేం పట్టదు. నల్లగొండ పల్లెల్లో బత్తాయి లోడెత్తి కొత్తపేట పండ్ల మార్కెట్టుకు తోలిన మనిషి, ట్రాఫిక్కులో అంతకంటే పెద్ద తిట్లే తిన్నాడు. నాకు ఎల్బీనగర్‌లో బండ్ల సామాన్ల కొట్టుంది. పేరు పట్టాభి, మాది తెనాలి వైపు. ఈయన బండికి ఫ్యాను బెల్టులూ బ్రేకు షూలూ అమ్మీ అమ్మీ నా జుట్టు తెల్లబడింది.

అదొక పాతకాలపు జీపు పికప్పు. ముందు పొడుగాటి ముక్కు, వెనక చెక్క తొట్టి. లోడు బయల్దేరితే డ్రైవరు పక్క సీటు మార్కెట్టు సేటు గుమస్తాది. తోట నుంచి మార్కెట్టు దాకా కాయకు కాపలా ఆయనే కాబట్టి అది రివాజు. తరవాత మార్కెట్టు ఊరవతలికి తరలిపోయింది. సీతారాములు బండిని అల్మాస్‌గూడలో ఇంటి పక్క ఖాళీ జాగాలో నిలబెట్టి "రేపు తీస్త" అన్నాడు. ఆ రేపు రానే లేదు. వానలొచ్చాయి. తొట్టిలో కోళ్లు గుడ్లు పెట్టాయి. దుమ్ము పట్టిన అద్దం మీద కాలనీ పిల్లలు వేలితో రాసిన రాతలు మర్యాదస్తులు చదవదగ్గవి కావు.

మొన్న ఎండాకాలంలో సైదాబాద్‌లో ఎవరిదో పెళ్లి బరాత్, అదే ఊరేగింపు, సీతారాములు కంట పడింది. పెళ్లికొడుకు ఎక్కింది ఇలాంటి పాత బండే, కాకపోతే తళతళలాడుతోందట. మర్నాడు పొద్దున నేను షట్టరు ఎత్తేసరికి సీతారాములు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"సారూ, మన బండి గా బండి కన్న పాతది. కొత్తగ చేద్దాం."

"మన బండి ఏంటండీ? మధ్యలో నాకేం సంబంధం?"

"లోపల సామాన్లన్నీ నీయే కద. సగం నీ బండే అది."

తోసెయ్యలేని మాట. బండికి తాడు కట్టి చంపాపేటలో మట్టయ్య షెడ్డుకు లాగించాం. మట్టయ్య డెంటర్. సొట్టలు తీస్తాడు, చిల్లులకు రేకు అతుకుతాడు. సుత్తి ఆగినా ఆయన నోరు ఆగదు. స్క్రూడ్రైవరు పట్టుకుని రోగిని చూసినట్టు బండి చుట్టూ తిరుగుతూ పొడవడం మొదలుపెట్టాడు. కుడివైపు రేకు గట్టిగానే ఉంది. ఎడమ తలుపు తీసి మెట్టు మీద పొడిస్తే స్క్రూడ్రైవరు పిడి దాకా దిగిపోయింది. లోపల కాళ్లు పెట్టుకునే చోట చెయ్యి ఆనిస్తే, రేకు బిస్కెట్టులా విరిగి నేల కనబడింది.

"రాములన్నా, గీ పక్కకే ఏం పోసినవే? ఉప్పునీళ్లా?"

"నేను పోసిన. ఏందంట?"

టిఫిను డబ్బా పట్టుకుని గేటులో నిలబడి ఉంది ముత్తమ్మ, సీతారాములు భార్య. ఏటా దసరాకు బండి కడిగి, పసుపునీళ్లు చల్లి, ఆ ఎడమ మెట్టు మీదే కొబ్బరికాయ కొడుతుందట. నీళ్లన్నీ లోపలికే కారేవి. బండి ఆగిపోయాక కూడా మానలేదు. ఆగిన బండికి పూజ ఆగకూడదట.

"బండిని చంపింది మీ భక్తేనండీ," అని నేను నవ్వాను. తోడు ఇంకెవరూ నవ్వలేదు.

మట్టయ్య మాత్రం అప్పటికే ఉపాయం కనిపెట్టేశాడు. "గీ సీటెందుకన్నా? పీకేసి గీడ పెద్ద సౌండ్ బాక్స్ పెడ్త. పెండ్లిళ్లకు కిరాయి ఒస్తది. కస్టమ్ బండి అంటరు దీన్ని."

"గట్లనే చెయ్," అన్నాడు సీతారాములు. "ఎట్లాగు గా సీట్ల కూసునేటోళ్లు లేరు."

ముత్తమ్మ డబ్బా కింద పెట్టింది.

"పెండ్లైన తెల్లారి నన్ను పట్నం తెచ్చింది గీ బండిలనే. ముందల గుమస్తా కూసున్నడు. నన్ను బత్తాయిల మీద కూసోబెట్టినవ్. కాయలు నలుగుతయ్, నిమ్మళంగ కూసో అన్నవ్. ఆయన ఎక్కంగనే పాం పాం అని హారన్ కొడ్తివి. నాకు పానం మంచిగ లేక దవాఖానకు పోయిన్నాడు గూడ లోడుందని ఎనకనే ఎక్కించినవ్. వచ్చే ఏడన్న నా కాలు గీ మెట్టు మీద పడాలె అని మొక్కి, కాయ గీడ కొడ్తుంటి."

"నాకు చెప్పొచ్చు కద," అన్నాడు సీతారాములు.

"చెప్తే గుమస్తాను దించుతుంటివా?"

సీతారాములు వంగి ఆ రేకు చిల్లులోకి చూశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అన్నేళ్లు ఆ తొట్టిలో కూర్చున్న ముత్తమ్మను నేనూ చూశాను, నమస్కారం కూడా పెట్టాను. పైగా ఇప్పుడే వెకిలిగా నవ్వాను. ఆయన్ని తిట్టాలో నన్ను తిట్టుకోవాలో తెలియక మట్టయ్యను తిట్టాను, అంత గట్టిగా పొడవడం దేనికని.

సీతారాములు మట్టయ్య వైపు తిరిగాడు. "సౌండ్ బాక్స్ వద్దు. ముందుగాల గీ పక్క రేకు వెయ్యి."

"పద్ధతి గట్ల కాదన్నా. ఇంజన్ దింపాలె, చాసీ చూడాలె. ఫ్లోరు ఆఖరుకు."

"పద్ధతి ప్రకారం చేసే గిక్కడికొచ్చిన. ముందుగాల గిదే."

మట్టయ్య గొణుక్కుంటూనే కుళ్లిన రేకంతా కోసేశాడు. లోపలా మెట్టుకూ కొత్త మందపాటి రేకు అతికాడు. ఆ పని అయిందని కబురొస్తే నేనూ వెళ్లాను. బండికి ఇంజను పని ఇంకా మొదలుకాలేదు, చక్రాలు లేవు, ఇటుకల మీద నిలబడి ఉంది. ఎడమవైపు మాత్రం రేకు మెరుస్తోంది. ముత్తమ్మ పట్టుచీర కట్టి, చేతిలో కొబ్బరికాయతో ఆటో దిగింది.

"వదినే, నీకు దండం పెడ్త," అని మట్టయ్య మెట్టుకు అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగయ్యా. నాకు గా మాత్రం తెల్వదా," అని ఆమె గేటు దగ్గరి రాయి మీద కాయ కొట్టింది. నీళ్లన్నీ పక్కనున్న మోరీ కాలవలోకి పోయాయి.

సీటు ఇంకా రాలేదు. ఇంటి నుంచి తెచ్చిన పీట వేశారు. ఆమె కుడికాలు మెట్టు మీద పెట్టి ఒక్క క్షణం ఆగింది. రేకు దిగబడలేదు. ఎక్కి కూర్చుని కొంగు సర్దుకుంది. సీతారాములు అటువైపు నుంచి ఎక్కి స్టీరింగు పట్టుకున్నాడు.

"హారన్ కొట్టవా?"

హారన్ ఎక్కడిది? అది విప్పి నా కొట్లోనే పెట్టాను. సీతారాములు మా అందరి వంకా ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, "పాం... పాం..." అన్నాడు. పక్క షెడ్డు వాళ్లు కూడా తొంగిచూశారు.

ముత్తమ్మ ఎదురుగా ఉన్న షెడ్డు గోడను చూస్తూ నిటారుగా కూర్చుంది. తరవాత తల తిప్పి, కింద నిలబడ్డ నన్ను చూసింది.

"సారూ, ఒస్తే ఎనక ఎక్కు. కాయలు నలుగుతయ్, నిమ్మళంగ కూసో."

నోరు మూసుకుని ఎక్కాను.