గీత మీద మా ఆయన

మా ఆయన్ని నేను ఒకసారి పదిమంది ఎదుట వేపమండతో కొట్టాను. కోపంతో కాదండీ, ప్రేమతో. ఆ తేడా వేపమండకు తెలియదు, మా ఆయన వీపుకు అంతకన్నా తెలియలేదు. అనకాపల్లిలో ఆ కథ బెల్లం పాకంలా సాగి సాగి, ఊరి ఆ కొసకు చేరేసరికి నేను రోకలిబండతో కొట్టానని తేలింది. అందుకని నిజంగా జరిగిన ఘోరమేమిటో నా నోటితో నేనే చెప్పడం మంచిది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. నేను కాపురానికి వచ్చి ఇంకా గడపకు రాసిన పసుపు కూడా వెలిసిపోలేదు. మా ఆయన సన్యాసినాయుడు బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసేవాడు. ఇంట్లో ఆయన, నేను, మా అత్త. పెరటి గోడ అవతల రేకు పెట్టెలు చేసే ఖాదర్ వాళ్ళ ఇల్లు. ఈ ఖాదర్ కుర్రతనంలోనే ఓడ పనికి పోయి, యుద్ధం రోజుల్లో మనీలాలో చిక్కుకుపోయాడు. చచ్చిపోయాడనుకుని వాళ్ళ వదిన ఏడవడం కూడా అయిపోయింది. అటువంటివాడు ఒక పొద్దున్న రైలు దిగి నడుచుకుంటూ వచ్చాడు. వెంట భార్య. ఫిలిప్పీను దీవుల పిల్ల. పేరు లిగాయ.

ఆ పేరు మా వీధికి నోరు తిరగలేదు. రెండు రోజుల్లో లింగాయమ్మ అయి కూర్చుంది. సాయిబుల ఇంట్లో లింగాయమ్మ ఏమిటి అని నాకు అప్పుడే మొదటి అనుమానం. పేరు పెట్టిందీ మేమే, అనుమానపడిందీ మేమే. పద్దెనిమిదేళ్ళ బుర్ర అలాగే పనిచేస్తుంది మరి.

గోడలకు చెవులుంటాయంటారు. మా పెరటి గోడకు కళ్ళు కూడా ఉండేవి. అవి నావే. రుబ్బురోలు మీద ఎక్కి నుంచుంటే గోడ మీదుగా అవతలి వాకిలి శుభ్రంగా కనబడేది.

ఒక మధ్యాహ్నం టకటకమని చప్పుడు వినబడి తొంగిచూశాను. లింగాయమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఎదురుగా ఎవరో ఉన్నారు గాని స్తంభం అడ్డం. మధ్యలో పడవలాంటి చెక్క. ఆ చెక్కలో రెండు వరుసల గుంటలు. ఒక గుంటలోంచి చింతపిక్కలన్నీ తీసి, పక్క గుంటల్లో ఒక్కొక్కటే రాల్చుకుంటూ పోతోంది. పెదవులు కదులుతున్నాయి. వామనగుంటలు నాకు తెలియవా? తెలుసు. కాని వామనగుంటలకు ఆ కొసనా ఈ కొసనా అంత పెద్ద గుంటలుండవు. అవెవరి కోసం? ఎవరిని పూడ్చడానికి?

ఆ సాయంత్రం పులుసుకని చింతపండు తియ్యబోతే, పక్కనున్న మా చింతపిక్కల కుండ సగం ఖాళీ!

మంగళవారం నాడు ఇంకో వింత. గోడ అవతలి నుంచి ఏదో ఎగిరి వచ్చి నా ముందే పడింది. చిల్లున్న సీసం బిళ్ళ, దానికి ఎర్ర దారాల కుచ్చు, ఆ కుచ్చులో కోడి ఈకలు. మంగళవారం, సీసం, ఎర్ర దారం, కోడి ఈక! చిల్లంగి పెట్టేవాళ్ళు, చేతబడి చేసేవాళ్ళు ఇంతకన్నా సరుకు వాడరు. చేత్తో ముట్టుకోకుండా పట్టకారుతో ఎత్తి, గంప కింద పెట్టి, గంప మీద పొత్రం ఎక్కించాను. మా అత్త వచ్చి చూసింది.

"ఏటే రత్నం, గంప కింద? కోడిపిల్లా?"

"సిల్లంగి అత్తా! గోడవతల్నించి పంపినారు!"

మా అత్త గంప ఎత్తి చూసి, గట్టిగా దగ్గి, ఆ వస్తువును తీసి గోడ మీదుగా అటు విసిరేసింది. తరవాత నా చెవి దగ్గర, "నీ మొగుడికి సెప్పకు. ఏటీ సెప్పకు," అంది. అమ్మయ్యో, ఈవిడకీ మందు పెట్టేశారు అనుకున్నాను.

ఇక మా ఆయన. చీకటి పడుతుంటే వచ్చేవాడు. పంచెకు దుమ్ము, ఒంటినిండా చెమట, పైగా కుంటి నడక.

"ఏటి మావా, కుంటుతున్నావు?"

"కాలి మీద బెల్లం దిమ్మ పడ్డాదే."

"నిన్న ఎడంకాలు కుంటేవు. ఇయ్యాల కుడికాలేటి?"

ఆయన రెండు కాళ్ళూ మార్చి మార్చి చూసుకున్నాడు. "రొండు దిమ్మలు పడ్డాయి," అన్నాడు.

అంతేకాదు, నిద్రలో అంకెలు లెక్కపెట్టేవాడు. "ఇరవై... ఇరవయ్యొకటి... అయ్యో, పడిపోనాది!" అని కాలు విదిలించేవాడు. ఆ కాలు వచ్చి నాకు తగిలేది. ఏం పడిపోయిందో చెప్పేవాడు కాదు. నేను రోజూ ముఖానికి పసుపు పట్టించుకుని, జుట్టు విరబోసుకుని, ఆయన ఇల్లు చేరి స్నానానికి పోగానే ఆ మసక చీకట్లో రోలెక్కి గోడ మీంచి రెప్ప వెయ్యకుండా కాపలా కాసేదాన్ని. ఒకనాడు చూద్దును కదా, గోడ పొడుగునా ఉప్పు పోసి ఉంది. ఉప్పులో అక్కడక్కడా వెల్లుల్లి రెబ్బలు.

అనుమానం పెనుభూతం అంటారు. నా అనుమానానికి భూతం ఒక్కటీ చాలలేదు, భూతవైద్యుడు కూడా కావలసి వచ్చాడు. ఏటి ఒడ్డున మంత్రాల అప్పలస్వామి అని ఒక ముసలాయన ఉండేవాడు. మా ఆయన అటు మార్కెట్టుకు వెళ్ళగానే నేను ఇటు ఆయన గుమ్మంలో వాలాను. పిక్కలు చెప్పాను, ఈకలు చెప్పాను. ఆయన చుట్ట పీలుస్తూ విన్నాడు. ఉప్పు సంగతి చెప్పేసరికి చుట్ట నోట్లోంచి జారింది.

"గోడ మీద ఉప్పా? ఎల్లుల్లి కూడానా?"

"అవును తాతా."

"అయితే ఇది మనూరి సిల్లంగి కాదమ్మా. సముద్రం దాటొచ్చినాది. సాయంత్రం వత్తాను. వేపమండ సిద్దం సెయ్యి."

సాయంత్రం వచ్చాడు. ఆయన ఏ వీధిలో అడుగుపెట్టినా వెనక జనం నడుస్తారు, ఊరేగింపులో దేవుడి వెనక నడిచినట్టు. మా పెరడు నిండిపోయింది. మా అత్త ఇంట్లో లేదు. తాతను రోలు మీదకి ఎక్కించి, నేను పక్కన తొట్టి అంచు మీద నిలబడి, ఇద్దరం గోడ మీంచి చూశాం. నా గుండె జారి తొట్టిలో పడింది.

అవతలి వాకిట్లో నేల మీద నీళ్ళతో గీతలు గీసి ఉన్నాయి. నిచ్చెన పడుకోబెట్టినట్టు అడ్డగీతలు, వాటిని చీల్చుకుంటూ మధ్యలో ఒక నిలువు గీత. అడ్డగీత మీద ఎవరనుకున్నారు? సాక్షాత్తు మా ఆయన! పంచె ఎగ్గట్టి, చేతులు రెండూ బార్లా చాచి, కళ్ళు మిటకరించి నిలబడ్డాడు. ఎదురుగా లింగాయమ్మ, ఆమె వెనక నిలువు గీత మీద ఖాదర్. ఆమె ఇటు ఒక అడుగు వేస్తే ఈయన ఇటు జరుగుతాడు. అటు వేస్తే అటు జరుగుతాడు, ఎండ్రకాయలా అడ్డంగా. గీత మాత్రం దిగడు!

"సూసేవా?" అన్నాడు అప్పలస్వామి. "నీటి గీతకి కట్టేసినాది. దిగలేడు. పొద్దుగూకి ఆ నీరు ఆరిపోతే మనిషి మనకి దక్కడు."

"అయ్యో! ఇప్పుడేటి సెయ్యాల తాతా?"

"వేపమండతో మూడు దెబ్బలెయ్యి. గీత మీంచి లాగీ."

నేను ఎలా దిగానో, ఎలా వీధి చుట్టూ తిరిగి ఆ వాకిట్లోకి దూసుకుపోయానో నాకే తెలియదు. వెనకాల అప్పలస్వామి, ఆయన వెనక జనం.

"నా మొగుణ్ణి ఇడిసిపెట్టు!" అని ఒక్క అరుపు అరిచి, మా ఆయన వీపు మీద ఒకటి వేశాను.

"ఒలే! ఒలే! గీత! గీత ఇడిపించకే!" అని మా ఆయన కేక.

"గీతే ఇడిపిత్తాను మావా, నువ్వు బయపడకు!" అని రెండోది వేశాను.

"పిచ్చిదానా, అదిగో ఎలిపోతంది, ఒగ్గే!"

"ఎలిపోనీ! దెయ్యం ఎలిపోవాలనే కొడతన్నాను!" అని మూడోది వేసి, రెక్క పట్టుకుని లాగాను. ఇద్దరం కలిసి బురదలో కూలబడ్డాం. ఆ సందులోంచి లింగాయమ్మ లేడిపిల్లలా దూకి, మిగిలిన గీతలు దాటి, మొదటికి చేరి, రెండు చేతులూ పైకెత్తి ఏదో అరిచింది.

మా ఆయన తల పట్టుకున్నాడు. "ఓడిపోనాం! మొన్నా ఓడేం, నిన్నా ఓడేం. ఇయ్యాల గెలిసే ఆట! నాశనం సేసేవు కదే!"

ఆట?

అప్పుడు అరుగు మీది స్తంభం వెనక నుంచి మా అత్త గొంతు వినిపించింది. "ఓలి రత్నం, అలా కేకలెయ్యకే. నా లెక్క తప్పిపోనాది." చూస్తే, ఆవిడ ఖాదర్ వదిన ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది, ఒడినిండా మా చింతపిక్కలు.

నిలువు గీత మీద కాపలా ఉన్న ఖాదర్ నవ్వు ఆపుకుంటూ వచ్చి నన్ను లేవదీశాడు. మా ఆయన్ని అతను బావా అని పిలిచేవాడు, కాబట్టి నేను చెల్లెలిని.

"సెల్లెమ్మా, ఇది మా ఆవిడ ఊరి ఆట. పతింతెరో అంతారు. గీతకో కాపలా మనిషి. కాపలావోడు గీత దిగకూడదు. అవతలోళ్ళు మన సేతికి తగలకండా ఆ కొసకెల్లి, మళ్ళీ ఈ కొసకొచ్చీవాల. వచ్చీసేరంటే వోళ్ళు గెలిసినట్టు."

"మరా ఈకలు?"

"అది సిపా. కాలి మడంతో కింద పడకండా తన్నుకుంటా లెక్కెట్టాల. మొన్న బావ తన్నిన తన్నుకి గోడ దాటిపోనాది."

నేను మా ఆయన వంక చూశాను. ఆయన ఆకాశం వంక చూశాడు. రెండు బెల్లం దిమ్మలూ ఎక్కడినుంచి పడ్డాయో అప్పుడర్థమైంది.

మా అత్త అడగకుండానే చెప్పింది. "ఇదేమో సుంకా. మన వామనగుంటలే గాని, ఆ కొస పెద్ద గుంట మన సొంతిల్లు. దాని మీదగా పోయినప్పుడల్లా ఓ పిక్క అందులో ఏసుకోవాల. మారుకెట్లో సుంకం కట్టించుకున్నట్టు. ఆకరికి ఎవులింట్లో ఎక్కువుంటే వోళ్ళదే గెలుపు. నీకు సెప్తే ఆడికి సెప్పెత్తావని సెప్పలేదు."

తల్లి కొడుక్కి తెలియకుండా మధ్యాహ్నం, కొడుకు తల్లికి తెలియకుండా సాయంత్రం. ఆ వేళ ఆట రసపట్టులో ఉండి మా అత్త ఇంటికి రావడం మరిచిపోయిందట. కొడుకేమో గీత మీంచి తల తిప్పి అరుగు వంక చూడలేదట.

నాకింకా ఒక ఆశ మిగిలింది. "మరి గోడ మీద ఉప్పో?" అన్నాను, నడుం మీద చెయ్యి వేసి.

ఖాదర్ నీళ్ళు నమిలాడు. "అదీ... అది నీకోసమే సెల్లెమ్మా."

"నాకోసమా?"

"వోళ్ళ దేశంలో ఓ రకం దెయ్యముంది. ఆడమనిషి రూపంలో వత్తాది. ఉప్పన్నా, ఎల్లుల్లన్నా దానికి బయం. పొద్దుగూకేసరికి గోడ మీద పచ్చటి మొకం, ఇరబోసుకున్న జుట్టు, రెప్పెయ్యని కళ్ళు... రోజూ సూసి మా ఆవిడ జడుసుకుంది. అది పక్కింటి పిల్లే అంతే నమ్మలేదు. నిన్నటికి నిన్న, మీ ఊరి మంత్రాలోణ్ణి పిలిపించమని నన్నడిగినాది."

జనం నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ఎంతసేపటికీ ఆగదే! అప్పలస్వామి కూడా నవ్వాడు, తనను రెండువైపుల వాళ్ళూ నమ్ముకున్నారన్న సంతోషంతో.

లింగాయమ్మ ఒక్కతే నవ్వలేదు. నా దగ్గరకొచ్చి, చూపుడువేలితో నా బుగ్గ మెల్లగా రాసి, వేలికి అంటిన పసుపు చూసుకుంది. వాసన చూసింది. మళ్ళీ బుగ్గ మీద అరచెయ్యి ఆనించి, వెచ్చగా ఉందని కాబోలు, ఖాదర్‌తో ఏదో అంది.

"మనిషివే అంతంది," అన్నాడు ఖాదర్. తరవాత గొంతు తగ్గించి, "వోళ్ళ ఊరు యుద్దంలో కాలిపోనాది సెల్లెమ్మా. ఈ ఆటలు ఆడిన అక్కసెల్లెళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఇక్కడ మాటొస్తే గదా ఎవులితోనన్నా మాటాడ్డానికి. అందుకని ఆడతాది," అన్నాడు.

నాకు వేపమండ ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఏదైనా చెబుదామంటే, మా ఇద్దరికీ కలిపి ఒక్క మాట కూడా లేదు కదా. చివరికి నేను ఆమె వేలు పట్టుకుని, ఆ పసుపు ఆమె బుగ్గ మీదే రాసేశాను. అప్పుడు నవ్వింది. పడీపడీ నవ్వింది.

నవ్వనిదల్లా మా ఆయన. బురద పంచెతో అలాగే కూర్చుని, "దెయ్యం పట్టినాదనుకుంతే అనుకున్నావు. కొడితే కొట్టేవు. గీత దాకా ఎందుకొచ్చేవే?" అని గొణుగుతున్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పాపం ఆయన రచ్చలో గెలుస్తుండగా ఇల్లే వచ్చి పడింది.

వదిలించడానికి దెయ్యం లేదు కనుక అప్పలస్వామి వెళ్ళిపోతాడనుకున్నాం. ఆయన కదల్లేదు. గీతల వంక చాలాసేపు చూసి, భుజం మీది కండువా తలకు చుట్టి, పంచె ఎగ్గట్టి, ఖాదర్‌ని అడిగాడు.

"ఆ ముందు గీత కాళీగుంది. నానుండొచ్చా బాబూ?"

ఆ సాయంత్రమే స్నానం చేసి, దీపం పెట్టి, నూకాలమ్మ తల్లి సాక్షిగా నేనొక భీషణ ప్రతిజ్ఞ చేశాను. ఇన్నేళ్ళయినా దానికి భంగం రాలేదు. మా ఆయన ఇకముందు ఏ గీత మీద నిలబడి కనిపించినా సరే, గెలుపు ఎవరివైపు ఉందో ముందుగా కనుక్కోకుండా కొట్టను.