రాతిలో కాయ పట్టిన పువ్వు

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను భద్రాచలంలో బోటనీ లెక్చరర్‌ని. నా కిరాయి గదిలో బట్టలకంటే రాళ్లే ఎక్కువ. మధ్యప్రదేశ్ నుంచి మోసుకొచ్చిన చెకుముకి రాళ్లు అవి. రాక్షసబల్లుల కాలంలో బతికి, తర్వాత భూమ్మీద లేకుండా పోయిన మొక్కల పూలూ కాయలూ వాటిలో విడివిడిగా రాయిగా మారి ఉన్నాయి. వాటిలో ఒక పువ్వూ ఒక కాయా ఒకే మొక్కవని నా పీహెచ్‌డీలో రాశాను.

"నమ్మకం చాలదమ్మా, రుజువు కావాలి. లేకపోతే ఆ అధ్యాయం తీసెయ్యి" అన్నారు మా గైడు. నాలుగేళ్ల చాకిరీ! ఒళ్లు మండిపోయింది.

పువ్వు లోపలే ఆ కాయ పిందె కనబడితే రుజువు దొరికినట్టే. రేకులు చెక్కుచెదరని పూలనే ఏరి, ఒక్కొక్కదాన్నీ పల్చగా కోసి చూశాను. దేనిలోనూ పిందె జాడ లేదు. రేకులు లేనివాటిని విరిగిన పూలని పక్కన పడేశాను. నా ఎంపిక మీద నాకంత ధీమా.

మార్చిలో ఒక ఉదయం, క్లాసులో చూపించడానికి ఇప్పపూలు కావాలని సారపాక అవతల ఒక కోయగూడేనికి వెళ్లాను. చెట్టు కింద ఊడ్చిన నేల మీద ఒక అవ్వ పూలు ఏరుతోంది. అక్కడ ఇప్పపువ్వును కొమ్మ నుంచి తెంపరు, రాలిందే తీసుకుంటారు. నేనూ నాలుగు ఏరి, గోటితో చీల్చి పిందె కోసం వెతికాను. అవ్వ పకపకా నవ్వింది.

"దాంట్ల కాయ ఏడుంటది బిడ్డా? రాలింది మనం తినేటందుకు. కాయ అయ్యేది కొమ్మకే ఉంటది. గటు సూడు."

చూశాను. కొమ్మ చివర, రేకులు రాలిన చోట, వెంట్రుకలాంటి కాడతో చిన్న చిన్న బొడిపెలు. రేకులు రాలాకే పిందె ఎదుగుతుందని పిల్లలకు నేను చెప్పే పాఠమే ఇది. నా రాళ్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం రేకుల అందానికి మోసపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చి, పక్కన పడేసినవన్నీ ముందేసుకుని వారం రోజులు కోస్తూ, అరగదీస్తూ కూర్చున్నాను. చివరికి ఒక ముక్కలో దొరికింది. రేకులు లేవు. రక్షక పత్రాల నడుమ పిందె ఉంది. పిందెలో గదులు అచ్చం పెద్ద కాయలో ఉన్నట్టే ఉన్నాయి.

సంతోషంతో పాటు భయమూ వేసింది. నేను కోరుకున్నదే నాకు కనిపిస్తోందేమో! ఆ ముక్కనూ భూతద్దాన్నీ తీసుకుని మళ్లీ గూడేనికి వెళ్లి, ఏమీ చెప్పకుండా అవ్వ చేతిలో పెట్టాను. కన్ను చికిలించి చాలాసేపు చూసింది.

"కాయ పట్టింది కదా బిడ్డా. ఇంక నీకు రంది ఏంది?"

ఆ రోజే ముక్క ఫొటోను గైడు గారికి పోస్టు చేశాను. ఉత్తరంలో ఒకటే వాక్యం రాశాను: అధ్యాయం తీసెయ్యను.